దవడ లేని సోల్జరు

వెల్దుర్తి దాటినాక తుపాకుల గుట్ట వస్తది. పొద్దుగూకితే ఆ దారిన గొర్రెల మందను కూడా తోలరు. వెనకటి యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ల పటాలం అక్కడ తుపాకులు పేల్చడం నేర్చుకునేదట. గుట్ట కింద సిమెంటు గది ఒకటి మిగిలింది. దవడ ఎగిరిపోయిన సోల్జరొకడు అందులో ఉంటాడనీ, రాత్రిళ్లు కూచుని ఏందో నములుతుంటాడనీ చుట్టుపక్కల ఊళ్లలో చెప్పుకుంటారు.

దవడ లేనోడు ఎట్టా నములుతాడని ఎవరూ అడగరు. ఆ చప్పుడు విన్నవాడికి అడిగే ధైర్యం మిగలదు.

నరసరావుపేటలో బైకుల మెకానిక్కు రఫీక్‌కి ఈ కథలంటే నవ్వు. ఆదివారమైతే మెటల్ డిటెక్టరు భుజానేసుకుని పాత పటాలం వదిలిపోయిన తూటా గుల్లలూ, బొత్తాలూ వెతుక్కుంటూ పోతాడు. దొరికినచోటే ఫోటో తీసి, కొలతలు రాసుకుంటాడు. అదో పిచ్చి. గుట్టను క్వారీకిచ్చారనీ, తెల్లారితే పేల్చేస్తారనీ తెలిసి ఆ సాయంత్రం ఉన్నపళాన బయల్దేరాడు. ఆ గది ఒక్కటే ఇంకా చూడలేదు మరి.

దారి చూపడానికి గొర్రెల రాఘవయ్య వచ్చాడు.

"పగలు రాగూడదా అబ్బాయ్?"

"పగలు క్వారీవాళ్లు రానియ్యరు బాబాయ్. రేపటికి గదే ఉండదు."

గది కనపడకముందే వాసన ఎదురొచ్చింది...

ముక్కుకి కండువా చుట్టుకున్నా ఆగలేదు. కోళ్ల ఫారాలోళ్లు చచ్చిన కోళ్లని, ఊళ్లోవాళ్లు చచ్చిన గొడ్లని తెచ్చి ఆ గుమ్మంలోనే పారేస్తున్నారు. దెయ్యం ఉన్నచోట అడిగేవాడెవడు? కాలు పెడితే ఈకల కింద మెత్తగా దిగబడింది. బూటు లాగితే బుడుక్కుమంది. పైనించి గబ్బిలాల రెట్ట వెచ్చగా మెడ మీద పడింది.

రఫీక్ గోడ పట్టుకున్నాడు. గోడ జిగటగా ఉంది. చెయ్యి ఎక్కడ తుడుచుకోవాలో తెలియలేదు.

అప్పుడు వినపడింది—

కర్... కర్... కర్...

లోపలి మూలన. నిదానంగా, తీరిగ్గా, రుచి చూస్తున్నట్టు.

"పదరా... పోదాం," అని గొణిగాడు రాఘవయ్య.

రఫీక్ లైటు అటు తిప్పాడు. రెండు కళ్లు మెరిశాయి. గలగలమని ఏదో దులుపుకుంది... నల్లా తెల్లా ముళ్లు!

"ఏదుపంది!" రాఘవయ్య కూలబడినంత పనిచేశాడు. "ఎముకలు కొరుకుతందిరా అబ్బాయ్! దాని పళ్లు అరగాలంటే అట్టా కొరకాల. ఓరి దీని తస్సాదియ్యా, ఇన్నేళ్లు మమ్మల్నందర్నీ ఉరికించిందే!"

అది బొత్తిగా భయం లేకుండా వాళ్ల కాళ్ల పక్కనించే బయటికి పోయింది. ఇద్దరూ నవ్వారు. నవ్వితే నోరు తెరవాలి... ఆ కంపు నాలిక మీదికొచ్చింది. రఫీక్ ఉమ్మేసి, పనిలో పడ్డాడు.

ఆ మూలనే డిటెక్టరు కీచుమంది.

తూటా గుల్ల చప్పుడు కాదది. పెద్ద వస్తువు. రఫీక్ ప్రాణం లేచొచ్చింది. చీదర మరిచి, బురదలోకి వేళ్లు దూర్చాడు. సన్నటి ఉక్కుపట్టీ అంచు తగిలింది. జేబురుమాలుతో పైన తుడిస్తే వరసగా బెజ్జాలు బయటపడ్డాయి.

"మిషన్‌గన్ ముక్కేమో బాబాయ్!" అంటూ అదే రుమాలుతో మూతి మీది చెమట తుడుచుకున్నాడు.

పట్టుకుని లాగాడు. రాలేదు. ఇంకాస్త బలంగా లాగాడు.

వచ్చింది. దాని వెనకే ఎముకా వచ్చింది.

పట్టీ ఆ ఎముకకి మరలతో బిగించి ఉంది. పట్టీ చుట్టూతా ఎముకని ఏదుపంది జాగ్రత్తగా, గీతలు గీతలుగా చెక్కేసింది. ఉక్కు మాత్రం తళతళలాడుతోంది. యుద్ధం నాటిది కాదు. నిన్నమొన్న ఏ మనిషికో ఆపరేషన్ చేసి బిగించింది.

రఫీక్ మూతి మీద ఆ రుమాలు తడి ఇంకా ఆరలేదు. అక్కడే, రెండు చేతులూ ఎడంగా పెట్టుకుని, కడుపులో ఉన్నదంతా కక్కేశాడు.

తల ఎత్తేసరికి రాఘవయ్య ఆ ఎముకను కండువాలో పట్టుకుని లైటు కింద చూస్తున్నాడు. పట్టీకున్న ఒక బెజ్జంలో మర లేదు. దాని మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ ఎముక పొడైపోయింది, మర నిలవదన్నారు డాక్టరు... ఎక్స్‌రే ఫోటోలో నాకు చూపించారు."

"ఎవరిది బాబాయ్?"

"మా తమ్ముడు శివనాగరాజుది. లారీ గుద్దితే పేటలో నేనే కాలికి ఆపరేషన్ చేయించా. మూడేళ్లయింది, పనికని కృష్ణానది దాటిపోయి... ఇంటికి రాడు, ఫోనెత్తడు, ఎప్పుడన్నా ఒక మెసేజీ పెడతాడంతే. పెళ్లాం బిడ్డల్ని వదిలేసిన దొంగనాకొడుకని నోరారా తిట్టుకుంటన్నాం..."

కండువా కిందికి జారింది. రాఘవయ్య జేబులోంచి ఫోను తీసి, రఫీక్ మొహం ముందు పెట్టాడు.

"మరి ఇదెవరు పెట్టార్రా అబ్బాయ్?... పొద్దున్నే వచ్చింది."

శివనాగరాజు నంబరు. చిన్న ఫోటోలో నవ్వుతున్న వాడి మొహం. కింద ఒకటే ముక్క—

'అన్నా, నేను బాగున్నా. నాకోసం వెతకబాకండి.'