భూమేష్ వాయించని పాట

ఆ రోజు పొద్దున జ్యోతిరాణి జొన్నరొట్టెలు కాలుస్తోంది. కూతురు హర్షిణి నిజామాబాద్ కాలేజీ బస్సుకు టైమవుతోందని హడావిడిగా జడ వేసుకుంటూ ఫోనులో పాట పెట్టుకుంది. భూమేష్ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. హైదరాబాద్ స్టూడియోలలో ఇరవై నాలుగేళ్ళు గిటార్ వాయించిన మనిషి. పిలుపులు ఆగిపోయాక సొంత ఊరు బోధన్‌కు వచ్చేశాడు. రెండేళ్ళుగా ఆయనకు పొద్దున్నలన్నీ ఇలాగే గడుస్తున్నాయి.

రాక్ పాటకైనా, గుండె కరిగేలా పాడే సోల్ పాటకైనా ఒకప్పుడు భూమేష్ గిటారే కావాలనేవారు. పాడినవాళ్ళ పేరు పోస్టరు మీద పడేది, రాసినవాళ్ళ పేరూ పడేది. వాయించినవాళ్ళ పేరు ఎవరికి కావాలి! వెళ్ళడం, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకోవడం, చెప్పింది వాయించడం, ఇంటికి రావడం. అది ఏ సినిమాలోకి పోయిందో కూడా చాలాసార్లు ఆయనకు తెలిసేది కాదు. ఇంట్లోవాళ్ళే విని పట్టేసేవాళ్ళు. ఆయన తీగ గుంజితే స్వరం ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చి చేరుతుంది. గుమ్మంలో చెప్పుల చప్పుడు విని మనిషిని గుర్తుపట్టినట్టు తల్లీకూతుళ్ళు దాన్ని గుర్తుపడతారు.

"బాపూ!" హర్షిణి జడ వదిలేసి అరిచింది. "గిది నువ్వే! నిన్న వచ్చిన పాట. అమ్మా, ఇటు రా జల్ది!"

జ్యోతిరాణి పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. పాట మధ్యలో అన్ని వాద్యాలూ ఆగి గిటార్ ఒక్కటే మిగిలింది. తీగ గుంజిన స్వరం ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చి చేరింది. ఆమె కళ్ళు నిండిపోయాయి.

"నీ చెయ్యే గద? మొన్న హైదరాబాద్ పోయింది గిందుకేనా? ఒక్క మాటన్న చెప్పలే!"

మొన్న ఆయన వెళ్ళింది పాత స్టూడియోల చుట్టూ తిరిగి పని అడుక్కోవడానికి. కూర్చోమన్నవాడు కూడా లేడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడు భార్య ముఖం చూశాడు. రెండేళ్ళ తర్వాత ఆ ముఖంలో వెలుగు. కాదనడానికి నోరు రాలేదు.

"ఊఁ" అన్నాడు.

ఆ ఒక్క "ఊఁ" ఎంత పని చేసిందో చూడండి. జ్యోతిరాణి కాళ్ళు నేల మీద ఆగలేదు. పక్కింటి లింగవ్వకు గోడ మీంచే చెప్పింది. మాక్లూర్‌లో పుట్టింటికి ఫోన్ చేసింది. హర్షిణి కాలేజీ ఎగ్గొట్టి సేమియా పాయసానికి పాలు పెట్టింది. భూమేష్ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

తొమ్మిదింటికి ఆయన అన్న భూమన్న బండి మీద వచ్చాడు. ఊరవతల చక్కెర మిల్లులో పనిచేస్తాడు.

"తమ్మీ, గా కాంటా కాడి పని మాట్లాడిన. చెరుకు బండ్లొస్తె తూకం రాసుకునుడే. నీడపట్టున పని. రేపటి సంది సీజన్ సురువైతది, మేనేజర్ ఇయ్యాల్నే చెప్పుమన్నడు."

అది భూమేషే పది రోజుల కింద అన్నను బతిమాలి అడిగిన పని. ఆయన నోరు తెరిచేలోపే జ్యోతిరాణి పాయసం గిన్నెతో వచ్చింది.

"గా పని ఆయనకొద్దు బావా. మల్ల పాటలు మొదలైనయి. నిన్న వచ్చిన పెద్ద పాటల గిటార్ ఈయనదే. గసుంటి చెయ్యి చెరుకు బండ్లు రాస్తదా?"

భూమన్న తమ్ముడి వైపు తిరిగాడు. "నిజమేనారా?"

భూమేష్ తల దించుకున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాడు అన్న. వచ్చి భుజం తట్టాడు.

"గంతకన్న ఏం గావాలెరా! మన హన్మండ్లు కొడుకు గా పని కోసం నా ఎంబడి పడ్డడు. వానికి చెప్పేస్త మరి."

నిలబడే పాయసం తాగి వెళ్ళిపోయాడు. బండి మలుపు తిరిగే చప్పుడు వినబడ్డాక గానీ భూమేష్ కుర్చీలోంచి లేవలేదు. "అన్నా!" అంటూ ఉత్త కాళ్ళతో వీధిలోకి ఉరికాడు. వీధిలో ఎవరూ లేరు. తిరిగొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"జ్యోతీ, గా పాట నేను వాయించలే."

"ఏం మాట్లాడుతున్నవ్?"

"మూడేండ్ల కింద రెండు రోజులు ఒక కంపెనీ పిలిచింది, యాదికున్నదా? పాట లేదు, ఏం లేదు. ఒక్కొక్క తీగ, ఒక్కొక్క సప్పుడు రికార్డు చేసుకున్నరు. మెల్లగ ఒకసారి, గట్టిగ ఒకసారి, గుంజి ఒకసారి. అన్ని కంప్యూటర్ల వెట్టుకున్నరు. ఇప్పుడు ఎవడు మీట నొక్కినా నా గిటారే మోగుతది. ఇగ నన్నెందుకు పిలుస్తరు?"

హర్షిణి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "దేనికి అని అడగలేదా బాపూ? సంతకం పెట్టినవా?"

"పెట్టిన. స్టూడియోల వాయించెటోడు దేనికని అడగడు బిడ్డా. అడిగితె మల్లసారి ఇంకొకన్ని పిలుస్తరు. ఇరువై నాలుగేండ్లు అడగలే, గప్పుడు గూడ అడగలే."

జ్యోతిరాణికి ఆ రోజులు గుర్తొచ్చాయి. పెద్ద కంపెనీ మా ఆయన్ని ఏరి పిలిచిందని అప్పుడు వాడకట్టంతా లడ్డూలు పంచింది తానే.

"మరి తెలిసినంక చెప్పాలె గద!"

"నువ్వు గంత సంబరపడ్డవు. ఎట్ల చెప్పాలె?"

"పొద్దుగాల ఊఁ అని ఎందుకన్నవు మరి?" ఆమె గొంతు లేచింది. "నా నోటితోని ఉన్న ఒక్క పని పోగొట్టిపిచ్చినవు గదయ్యా! ఊరంత చెప్పుకున్న. ఇప్పుడు నేనేం మొఖం పెట్టుకోవాలె?"

"నీ మొఖం సూసే ఊఁ అన్న" అన్నాడు భూమేష్.

ఆయన భూమన్నకు ఫోన్ చేశాడు. "అరె, ఇప్పుడే చెప్పేసిన్రా. మేనేజర్ వాని పేరు గూడ ఎక్కిచ్చిండు" అన్నాడు అన్న. అసలేమైందని అడుగుతుంటే భూమేష్ ఫోన్ పెట్టేశాడు.

పెట్టీ పెట్టగానే మళ్ళీ మోగింది. హైదరాబాద్ నుంచి విష్ణు. పాటలకు కంప్యూటర్ మీద వాద్యాలు అమర్చే కుర్రాడు. ఈ రెండేళ్ళలో భూమేష్ ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. హర్షిణి ఆశగా స్పీకర్ నొక్కింది.

"అన్నా, నిన్నటి పాట విన్నరా? మీ గిటార్ గురించే అడుగుతున్నరు అందరు! ఒక చిన్న పనుందన్నా."

జ్యోతిరాణి చప్పున తల ఎత్తింది.

"మీ సౌండ్స్‌ల కొన్ని తక్కువ పడుతున్నయి. తీగ బాగ పైకంటా గుంజేటివి లేవు. గవి కూడ ఇచ్చేస్తే సెట్ పూర్తయితది. అర్ధగంట పని. ఇంకేమన్న మిగిలినయా అన్నా, మీ దగ్గర?"

"ఉన్నయి" అన్నాడు భూమేష్. దేనికని ఇప్పుడూ అడగలేదు. "ఎప్పుడు రమ్మంటవు?"

జ్యోతిరాణి ఫోన్ లాక్కుంది. స్టూడియో నుంచి ఎప్పుడు పిలుపొచ్చినా చొక్కా ఇస్త్రీ చేసి సిద్ధంగా ఉంచే మనిషి ఆమె.

"తమ్మీ, నేను ఆయన భార్యను. ఏం మిగల్లే. ఉన్నయన్ని మీరే తీస్కున్నరు."

అవతల నవ్వు. "పర్లేదక్కా, టెన్షన్ పడకుండ్రి. ఉన్నవాట్లనే లాగి సిస్టంల చేసేస్తం." ఫోన్ కట్టయిపోయింది.

"గంతేనా?" అన్నాడు భూమేష్. ఎవరినడిగాడో తెలియదు. ఇవ్వకుండా మిగిలిన ఆ నాలుగు చప్పుళ్ళైనా తనవేనని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. వాటి అవసరం కూడా వాళ్ళకు లేదు. గుమ్మం మీద కూలబడి ఏడ్చాడు. హర్షిణి తండ్రిని అలా చూడడం అదే మొదటిసారి. దగ్గరికి రాలేక, గోడకు ఆనుకుని తానూ ఏడ్చింది.

జ్యోతిరాణి పక్కన కూర్చుని ఆయన ఎడమచేతిని ఒళ్ళోకి తీసుకుంది. తీగలు నొక్కీ నొక్కీ కాయలు కాసి, రాయిలా గట్టిపడ్డ వేళ్ళు అవి. పెళ్ళైన కొత్తలో ఆ చెయ్యి తగిలితే గీరుకుంటోందని నవ్వేది. ఇప్పుడు వేళ్ళ కొసలు తడిమి చూసింది. మెత్తగా ఉన్నాయి. ఒక్క కాయ కూడా లేదు.

రోజూ తలుపేసుకుని గదిలో గంటసేపు కూర్చుంటుంటే సాధన చేస్తున్నాడనుకుంది. కరెంటు గిటార్, హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీటితే బయటికి వినబడదులే అనుకుంది. ఆయన గిటార్ ముట్టి ఎన్నాళ్ళయిందో! పాటలో ఆయన చేతిని ఇట్టే పట్టేసింది గానీ, పక్కనున్న ఈ చేతిని ఎన్నడూ పట్టి చూడలేదు.

"చెప్పకపోతివి" అంది ఏడుస్తూ. "నేనన్న సూడకపోతి."

పొయ్యి మీద పాయసం అడుగంటిన వాసన వస్తున్నా ఎవరూ లేవలేదు.

"బావ దగ్గరికి పోదం లే" అంది కాసేపటికి కళ్ళు తుడుచుకుని. "వద్దన్నది నేనే. నేనే అడుగుత. కాంటా కాడ గాకపోతె ఇంకేదన్న."

"ఇంకేం లేదు జ్యోతీ. గదొక్కటే ఉండె."

"అయినా అడుగుదం" అంది ఆమె, ఆ చెయ్యి వదలకుండానే.