నడవాలో పిల్లి

మొదటి మనిషి అలారం మోగకుండానే చచ్చిపోయాడు.

నౌకాదళానికి రహస్య సంకేతాలు రాసిపెట్టే పెద్దమనిషి. పట్టపగలు, సొంతింట్లో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. మెడ మీద సూది గుచ్చిన చుక్క ఒక్కటే. తలుపులకి సెన్సర్లున్నాయి, నడవాలో పిల్లి బొమ్మ వేసిన మోషన్ డిటెక్టర్ ఉంది. ఒక్కటీ కిక్కురుమనలేదు.

ఏజెంట్ మౌని ఆ నడవాలో గంటసేపు నిలబడ్డాడు. అవసరమైతే తప్ప నోరు విప్పడు కాబట్టి డిపార్ట్‌మెంట్‌లో ఆ పేరే ఖాయమైపోయింది. నేల మీద సన్నటి దుమ్ము. అందులో మూరెడు వెడల్పున తుడిచినట్టు ఒక చార, కిటికీ నుంచి కుర్చీ దాకా. నడిచిన జాడ కాదది. పాకిన జాడ.

"సాలెగూడు ముఠా," అన్నాడు చీఫ్. "సముద్రం అవతలి దేశం వాళ్ళ జీతగాళ్ళు. తర్వాతి వంతు లెక్కల మాస్టారిది. కొత్త సంకేతం మొత్తం ఆయన బుర్రలోనే ఉంది, కాగితం మీద లేదు. రేపు సాయంత్రం ఐదింటికి మనవాళ్ళొచ్చి ఆయన్ని ఓడ ఎక్కిస్తారు. అందాకా ఇల్లు కదలనని మొండికేశాడు. ఏ సెన్సర్ ఎక్కడ కావాలో చూసి బిగించు. తోడుగా ఏజెంట్ నెమలి వస్తుంది."

"అవసరమా?"

"నువ్వెలాగూ మాట్లాడవుగా. అందుకు."

మర్నాడు పదింటికి మౌని మెకానిక్ వేషంలో పనిముట్ల సంచీతో దిగాడు. అప్పటికే గేటు దగ్గర ఒకామె నిలబడి ఉంది. సిల్కు చీర, నల్లకళ్ళద్దాలు, చేతిలో సెన్సర్ల కంపెనీ కేటలాగు.

"బ్యాటరీ ఎన్నాళ్ళొస్తుంది?" అంది నవ్వుతూ.

"మనిషి కంటే ఎక్కువే."

కోడ్ కుదిరింది.

ఇల్లు చిన్నదే. పొడుగాటి నడవా, ఈ చివర మాస్టారి గది, ఆ చివర స్నానాల గది కిటికీ. మౌని కొలతలు తీస్తుంటే మోచేతి పక్కన మంచినీళ్ళ గ్లాసు ప్రత్యక్షమైంది. ఉలిక్కిపడ్డాడు. డెబ్బై ఏళ్ళ ముసలమ్మ, మాస్టారి అక్క.

"అదిరిపడ్డావా నాయనా? నా నడకే అంత."

నెమలి కేటలాగు తిప్పింది. "తలుపులకి మాగ్నెటిక్ కాంటాక్టులు. కిటికీలకి అద్దం పగిలితే మోగే గ్లాస్ బ్రేక్. నడవాకి ఇదిగో, ఈ పిల్లి బొమ్మది, పెట్ ఇమ్యూన్ డిటెక్టర్. కింద ఏ జంతువు తిరిగినా పట్టించుకోదు. మనిషి నిలబడి నడిస్తేనే మోగుతుంది."

"మామూలుది చాలదా?"

"ఇంట్లో పిల్లి ఉంది కదా! అస్తమానం మోగి ప్రాణం తీస్తుంది."

మౌని తలూపాడు. తర్వాత చుట్టూ చూశాడు. పాల మూకుడు లేదు. పరుపుల మీద వెంట్రుక లేదు. బీరువా కింద ఎలుక పెంటికలు మాత్రం దండిగా ఉన్నాయి.

ఆమె ముందుగదిలో తలుపులు చూస్తుండగా మాస్టారి చెవిలో అడిగాడు. "మీకు పిల్లి ఉందాండీ?"

మాస్టారు గుమ్మంవైపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "మెల్లగా! మా అక్కయ్య వింటే నన్ను బతకనివ్వదు. చప్పుడు లేకుండా వెనకొచ్చి నిలబడుతుందని చిన్నప్పట్నుంచీ నేను పెట్టిన పేరది. ఫోన్లో మా స్నేహితుడొకడితో, 'పిల్లి పాలు తాగి పడుకుంది, ఇక చెప్పరా' అంటుంటాను."

"ఇంకెవరికి తెలుసు?"

"వాడికీ నాకూ. అంతే."

మౌని ఫోనువైపు చూశాడు. ఈ ఇంటి ఫోను డిపార్ట్‌మెంట్ వినడం లేదు. వింటున్నవాళ్ళు వేరే ఉన్నారు. లేని పిల్లిని నమ్మేది వాళ్ళే. అంటే నెమలి వాళ్ళ మనిషి.

ఆ ఫోన్లో చీఫ్‌కి చెప్పలేడు. మాస్టారిని ఆమెకి వదిలేసి బయటికి పోలేడు. పైగా పాకేవాడు దొరకాలి. స్టూలెక్కి, మాస్టారి గుమ్మం పైన డిటెక్టర్ బిగించాడు. డబ్బా మీద పిల్లి బొమ్మ అలాగే ఉంది. లోపలి సరుకు మాత్రం మామూలుది.

ఒకటే భయం. మధ్యాహ్నానికి ఎండ మండిపోతోంది. డిటెక్టర్ చూసేది ఒంటివేడిని. నేల కూడా మనిషి ఒంటంత వేడెక్కితే దానికి తేడా తెలియదు, గుడ్డిదైపోతుంది. నాలుగున్నరకి అడిగాడు.

"అమ్మా, నడవా ఒకసారి కడుగుతారా?"

"నీ బూట్ల మట్టి నేను కడగాలా? బాగానే ఉంది వరస!" అంటూనే బకెట్ తెచ్చింది.

ఐదుకి పది నిమిషాలు. నెమలి చేతులు కడుక్కుంటానని స్నానాల గదికి వెళ్ళొచ్చి, మాస్టారి గదిలో సైరన్ పక్కన కూర్చుంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. మాస్టారు గుమ్మానికి వీపు పెట్టి లెక్క చేసుకుంటున్నాడు. మౌని స్విచ్ వేసి, తలుపు చాటున కంట్రోల్ బాక్స్ మీద వంగాడు. నడవాలోకి తొంగిచూస్తే ఆమెకి తెలిసిపోతుంది. అతనికి మిగిలింది బాక్స్ మీద చిన్న దీపం ఒక్కటే.

తడినేల మీద గుడ్డ రాసుకుంటున్న చప్పుడు.

దీపం వెలగలేదు. నేల ఇంకా చల్లబడలేదేమో.

చప్పుడు దగ్గరైంది. ఆగింది. మళ్ళీ కదిలింది. మౌని స్క్రూడ్రైవర్ తిరగేసి పట్టుకున్నాడు. గడపకి ఇవతల నేలకంటుకుని ఒక చెయ్యి వచ్చింది. వేళ్ళ మధ్య సూది.

ఎర్రదీపం వెలిగింది. సైరన్ ఇంటికప్పు లేచిపోయేలా అరిచింది.

మౌని బూటు ఆ మణికట్టు మీద పడింది. సూది విరిగింది. స్క్రూడ్రైవర్ పిడి తలమీద దిగేసరికి పాకినవాడు పాకినచోటే పడుకున్నాడు.

నెమలి సైరన్ తీగ పీకేసింది. చెవులు గింగుర్లెత్తే నిశ్శబ్దం. లిప్‌స్టిక్ గొట్టం మాస్టారి కణతకి గురిపెట్టి ఉంది.

"అది పాకేవాణ్ణి చూడకూడదే!"

"పిల్లి లేని ఇంట్లో చూస్తుంది," అన్నాడు మౌని.

ఆమె వేలు బిగిసింది. అంతలోనే కెవ్వుమంది. లిప్‌స్టిక్ ఎగిరిపడి గోడకి తూటా పేల్చింది. ఆమె మణికట్టు మీంచి వేడిపాలు పొగలు కక్కుతూ కారుతున్నాయి. వెనక ఖాళీ గిన్నెతో మాస్టారి అక్క. ఎప్పుడొచ్చిందో మౌనికీ తెలియలేదు.

బయట కారు ఆగింది. సరిగ్గా ఐదు.

"ఒరేయ్ తమ్ముడూ," అంది ముసలమ్మ గిన్నె దించకుండా. "పిల్లి అంటారేమిట్రా? మనింట్లో పిల్లెక్కడుంది?"

ఇల్లు కదలనన్న మాస్టారు చెప్పులు కూడా వేసుకోకుండా కారెక్కేశాడు.

చీఫ్‌కి పంపే ఫారంలో 'పెంపుడు జంతువులు' అన్నచోట మౌని 'లేవు' అని రాశాడు. కాసేపాలోచించి, అది కొట్టేసి రాశాడు: 'ఒకటి. ఇంకా మచ్చిక కాలేదు.'