గోరీల మలుపులో పానా చప్పుడు

మునగపాక నుంచి అనకాపల్లి వచ్చే దారిలో, ఊరు ఇంకా మొదలవకముందే ఒక మలుపుంది. గోరీల మలుపంటారు. రోడ్డు పక్కనే క్రైస్తవుల సమాధుల తోట. పగలు అక్కడ మేకలు మేస్తాయి, పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. పొద్దుగూకిందా... సైకిలు మీద వచ్చేవాడు బెల్లు కూడా కొట్టడు. తల వంచుకుని తొక్కుకుపోతాడు.

తెల్లవారుజామున ఆ సమాధుల మధ్య దీపాలు నడుస్తాయని లారీ డ్రైవర్లు చెప్పేవారు. ఒకటీ రెండూ కాదు — వరసగా, మనిషి గుండె ఎత్తులో. ఎప్పుడు చూశావురా అంటే ఒక్కడూ తేదీ చెప్పడు. ఎండలు ముదరకముందు ఎప్పుడో అంటాడు, బీడీ ముట్టించి మాట మార్చేస్తాడు.

టాక్సీ తోలే అయ్యప్పకి ఈ కబుర్లన్నీ కంఠతా వచ్చు. స్టాండులో కొత్తవాళ్ళు దొరికితే తనే చెప్పేవాడు, చెప్పేటప్పుడు కాస్త ఉప్పూకారం దట్టించేవాడు కూడా. అలాంటి అయ్యప్ప కారు రెండువేల అయిదు మార్చిలో, పున్నమి వెళ్ళిన రెండో రాత్రి, చంద్రుణ్ణి మబ్బు కమ్మి ఉండగా, సరిగ్గా ఆ మలుపులోనే ఆగిపోయింది.

ఒంటరిగా ఉంటే కారక్కడే వదిలేసి పరుగందుకునేవాడే. కానీ వెనక సీట్లో అతని మామ బంగారయ్య ఉన్నాడు. బంగారయ్యని పాము కరిచింది.

బంగారయ్యంటే అయ్యప్పకి పిల్లనిచ్చిన మామ మాత్రమే కాదు. తండ్రి పోయినప్పుడు చేరదీసి, అన్నం పెట్టి, డ్రైవింగు నేర్పించి, ఆ తర్వాత కూతుర్నిచ్చినవాడు. ఆయన లేని ఇల్లు అయ్యప్ప ఊహకి కూడా అందదు.

ఆ రాత్రి బంగారయ్య పొలంలో బెల్లం వండే పాక దగ్గర, చెరుకు పిప్పి మీద నడుం వాల్చాడు. పనివాళ్ళు ఇళ్ళకి పోయారు. మూడున్నరకి అయ్యప్ప ఎవరినో దించేసి వస్తూ, మామని ఒకసారి పలకరిద్దామని అటు తిరిగాడు.

"కాలికేదో కుట్టింది అల్లుడా. సీమేమో," అన్నాడు బంగారయ్య కాలు గోక్కుంటూ.

అయ్యప్ప టార్చి వేశాడు. పిప్పిలోకి జారిపోతోంది — నల్లటి తోక, దాని మీద తెల్లటి కట్లు.

కట్లపాము. నొప్పి ఉండదు, వాపు ఉండదు. చూస్తూ చూస్తూ రెప్పలు వాలిపోతాయి, ఆ తర్వాత ఊపిరి ఆగిపోతుంది. అయ్యప్ప మామని రెండు చేతుల మీద ఎత్తుకొచ్చి వెనక సీట్లో పడేశాడు. అనకాపల్లి పెద్దాసుపత్రి ఎనిమిది కిలోమీటర్లు.

"మామా, పడుకోకు. ఏటో ఒకటి మాటాడు."

"ఏటి మాటాడేది... నిద్దరొత్తంది రా."

"ఒద్దు! కళ్ళు తెరు మామా!"

అద్దంలో మామ రెప్పలు చూస్తూ తోలాడు. రోడ్డు మీద ఉండాల్సిన కళ్ళు అద్దంలో ఉంటే ఏమవుతుంది? మలుపులో రోడ్డు వారన కొత్తగా పోసిన సిమెంటు గట్టుంది. దానికింకా రంగు కూడా వెయ్యలేదు. ఎడమ ముందు చక్రం దాన్ని ఢీకొంది. పటాసు పేలినట్టు చప్పుడు... కారు ఒక పక్కకి ఒరిగి నిలబడిపోయింది.

దిగి చూస్తే టైరు పక్కభాగం జానెడు చీలిపోయింది.

అదే సమయానికి ఒక లారీ వచ్చింది. అయ్యప్ప రోడ్డు మధ్యకి పరుగెత్తి రెండు చేతులూ ఊపాడు. లారీవాడు లైట్లు పెద్దవి చేశాడు, మనిషిని చూశాడు, ఏ మలుపో చూశాడు... ఇంకా గట్టిగా తొక్కి, పక్కనుంచి తప్పించుకుని పోయాడు. అయ్యప్ప చెప్పి చెప్పి ఊరంతా పాకించిన కబుర్లే, మరి! ఇక తనే మార్చుకోవాలి.

డిక్కీలోంచి స్టెప్నీ దించాడు. టార్చి పళ్ళ మధ్య ఇరికించుకుని, పానా తగిలించి తిప్పడం మొదలెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు నట్లు వదులయ్యాయి. అయిదోది కదల్లేదు. తుప్పు పట్టిపోయింది. పానా జారింది — ఠంగు! మళ్ళీ తగిలించాడు. మళ్ళీ ఠంగు! వేళ్ళు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. చుట్టూ ఎక్కడా కీచురాయి చప్పుడు కూడా లేదు.

"అల్లుడా..." లోపల్నుంచి మామ గొంతు. నాలుక మందంగా తిరుగుతోంది. "ఎవలో వత్తన్నారు."

"ఎవలూ నేరు మామా."

"తెల్లబట్టలు... సేతుల్లో దీపాలు... నా కోసవేరా."

అయ్యప్ప చూడకూడదనుకున్నాడు. చూశాడు.

సమాధుల అవతల చెట్ల చీకట్లోంచి దీపాలు వస్తున్నాయి. ఒకదాని వెనక ఒకటి. వాటి వెనక తెల్లటి ఆకారాలు... పదో, ఇరవయ్యో. అడుగుల చప్పుడు లేదు. మాట లేదు. మెల్లగా, నేరుగా, రోడ్డు మీదున్న తోట గేటు వైపే వస్తున్నాయి.

 అయ్యప్ప ఎక్కడికి పోతాడు? కారు తలుపుకి వీపు ఆనించి, పానా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. టార్చి పళ్ళ మధ్యే ఉండిపోయింది.

"మా మామనియ్యను," అని గొణిగాడు. మాట సరిగ్గా రాలేదు. పానాతో సిమెంటు గట్టు మీద బలంకొద్దీ బాదాడు — ఠంగ్! ఠంగ్!

దీపాలు ఆగిపోయాయి.

ఒక్క క్షణం. ఆ తర్వాత ఒక్కొక్కటే ఆరిపోయాయి. చీకట్లో దబదబా పరుగులు... ఎవరో తూలి పడ్డారు, ఎవరో లేపారు. అయ్యప్పకి ఏమీ అర్థం కాలేదు. మనిషిని చూసి దెయ్యాలు పారిపోవడం అతను స్టాండులో కూడా ఎన్నడూ చెప్పలేదు.

కానీ ఒక దీపం ఆరలేదు.

అది కదిలింది. సమాధుల మధ్యనుంచి, తడబడకుండా, రోజూ నడిచే దారిలా వచ్చేసింది. దగ్గరయ్యేకొద్దీ ముసలి ముఖం కనబడింది. తెల్లచీర, తెల్లజుట్టు, మంట చుట్టూ అడ్డుపెట్టిన ఎముకల చెయ్యి. గేటు కిర్రుమంది.

అయ్యప్ప నోట్లోంచి టార్చి జారి కింద పడింది.

ఆమె అతని ముందు ఆగింది. కొవ్వొత్తి పైకెత్తి ముఖం చూసింది. చూసింది... చూస్తూనే ఉంది. మైనం కరిగి వేళ్ళ మీద పడుతున్నా చెయ్యి కదల్చలేదు. రెండో చెయ్యి చాపి అతని చెంప తడిమింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. 

చాలాసేపటికి ఆ చెయ్యి కిందికి వాలిపోయింది.

"ఎవలి పిల్లడివి బాబూ?" అంది గుసగుసగా.

"అ... అయ్యప్పని. మా మామకి పావు... నట్టు రావట్లేదు..."

ఆమె కారులోకి తొంగిచూసింది. వాలిపోయిన రెప్పలు చూసింది. అంతే, ఆ గొంతు మారిపోయింది.

"ఒరే జెఫ్రీ! పాస్టరుగారూ! రండి, దెయ్యం కాదు, మనుషులే! పావు కరిసిన మనిషి!"

మీరు ఊహించే ఉంటారు. ఆ పూట ఈస్టరు, ప్రభువు సమాధిలోంచి లేచిన రోజు. ఏటా ఆ రోజున తెల్లవారకముందే అనకాపల్లి క్రైస్తవులు తెల్లబట్టలు కట్టుకుని, కొవ్వొత్తులు పట్టుకుని తమవాళ్ళ సమాధుల దగ్గరికి వస్తారు, ప్రార్థన చేసుకుంటారు. లారీవాళ్ళు చూసిన దీపాలు అవే. పాపం, వాళ్ళ వైపునుంచి కూడా చూడండి: సమాధుల గేటు దగ్గర, నోట్లో వెలుగు పెట్టుకుని, ఇనుప కడ్డీతో గట్టు బాదుతున్న మనిషి! పాస్టరుగారి చెప్పొకటి మర్నాడు గానీ దొరకలేదు.

అందరూ తిరిగొచ్చారు. జెఫ్రీ అనే కుర్రాడు వెనక సీట్లో దూరి బంగారయ్యని నిద్రపోనివ్వకుండా పట్టుకుని కుదుపుతూ పాట ఎత్తుకున్నాడు. అయ్యప్ప మళ్ళీ పానా తగిలించాడు.

"సేతుల్తో కాదు బాబూ," అంది ముసలామె కొవ్వొత్తి దగ్గరగా పెట్టి. "పానా కాడ మీదెక్కి తొక్కు."

ఎక్కి తొక్కాడు. కీచుమని నట్టు కదిలింది. జాకీ కోసం ఎవరూ ఆగలేదు, ఆరుగురు మగాళ్ళు కారు మూతిని అమాంతం ఎత్తి పట్టుకున్నారు. స్టెప్నీ ఎక్కింది.

ఆసుపత్రిలో బంగారయ్యకి రెండు రోజులు గొంతులో గొట్టం వేసి ఊపిరి పోశారు. మూడో రోజు కళ్ళు పూర్తిగా తెరిచి, టీ అడిగాడు. ఆ మాట విని అయ్యప్ప వరండాలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వారం తర్వాత కొత్త బెల్లం దిమ్మ పట్టుకుని ముసలామెని వెతుక్కుంటూ పోయాడు. ఆమె పేరు దీవెనమ్మ. చర్చి వెనక సందులో ఒక్కర్తే ఉంటుంది. మంచినీళ్ళిచ్చి గడప మీద కూర్చుంది. అన్నాళ్ళుగా మనసులో తొలుస్తున్న మాట అయ్యప్ప అడిగేశాడు.

"అందరూ దెయ్యవని పారిపోనారు కదమ్మా. నువ్వొక్కర్తివే ఎలాగొచ్చేవు? బయం వెయ్యనేదా?"



"దెయ్యవనుకునే వచ్చేను బాబూ," అంది దీవెనమ్మ. "నా కొడుకు బెన్‌హర్ టైర్ల షాపులో పన్జేసేవోడు. ఆడిని అక్కడ పడుకోబెట్టి నాలుగేళ్ళయింది. సచ్చిపోయినోళ్ళు లేచే పండగ పూట... గేటు కాడ పానా సప్పుడినబడింది."

చెంగుతో ముఖం తుడుచుకుంది.

"దెయ్యవైనా పరవానేదు, ఒకపాలి మొకం సూసుకుందావనుకున్నాను."