తొలిముద్ద

మద్దిలేటి చనిపోయిన రోజు కూడా ఎర్రగట్టు వధశాలలో గొర్రెలు బెదరకుండానే కన్నుమూశాయి. సుంకులమ్మ ఒక్కోదాని నుదుటి మీద అరచెయ్యి ఆనించి నిమ్మళపరిచింది. గుండె కుదుటపడిందని నిమ్మళి యంత్రం పచ్చగా వెలిగాకే నిద్రగాలి వదిలారు. హాస్టల్ నుంచి కబురు వచ్చేసరికి ఆమె చెయ్యి ఇంకా ఒక గొర్రె నుదుటి మీదే ఉంది.

అంతకు ముందురోజు ఇక్కడి నుంచి వెళ్లిన మాంసం తిన్న హాస్టల్ పిల్లలందరూ మంచం పట్టారు. ఆమె కొడుకు మద్దిలేటి ఇక లేవలేదు.

ప్రతి పూటా మొదటి గొర్రె మాంసంలో ఒక ముద్ద అధికారి తినాలి. ఆయన మెడకున్న మింగుపట్టీ గుటకను గుర్తిస్తేనే మిగతా మాంసానికి ముద్ర పడుతుంది, బండ్లు కదులుతాయి. మాంసంలో దోషం లేదనీ, తొలిముద్ద తానే తిన్నాననీ, హాస్టల్ నీళ్లే చెడ్డవనీ అధికారి శివశంకరప్ప విచారణలో చెప్పాడు. అదే ఖాయమైంది. అంతమందిని పడగొట్టిన మాంసం ఆయనకు కడుపునొప్పి కూడా తేలేదేమని ఎవరూ అడగలేదు. పట్టీకి గుటక తెలుసు. మింగింది మాంసమో, ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నమో తెలియదు.

ఏడాదిగా సుంకులమ్మ తన చేతిని వణకనివ్వలేదు. వణికితే గొర్రె బెదురుతుంది, బెదిరినదాన్ని నిమ్మళి తిప్పి పంపుతుంది. పగను మోచేతికి పైనే ఆపుకోవడం ఆమె నేర్చుకుంది.

ఇవాళ అధికారి గదికి వెళ్లే తొలిముద్ద పళ్లెం తానే అందుకుంది. ఎదురుగా మనిషుంటే ఆయనకు ముద్ద దిగదమ్మా, పెట్టేసి వచ్చెయ్ అని వంట చేసే బడేసాబ్ నవ్వాడు. ఆమె పళ్లెం పెట్టి, అక్కడే నిలబడింది.

"ఆ పొద్దు గొర్రె ఎట్లుండెనో ఇదీ అట్లనే ఉంది సార్. దోషం లేదంటిరి గదా. తినండి."

ఆయన చెయ్యి పళ్లెం దాకా వచ్చి ఆగింది.

"పొద్దున్నుంచి నాకు కడుపులో బాగలేదమ్మా."

"ఆ పొద్దు బాగుండెనా?"

నిజానికి ఇవాళ్టి గొర్రెకు ఏ జబ్బూ లేదు. తొట్టిలో నీళ్లు తాగి, నింపాదిగా నెమరు వేసుకుంటూ వచ్చింది. ఆ ఒక్క మాట చెబితే ఆయన తినేవాడేమో. సుంకులమ్మ చెప్పలేదు.

గుటక పడలేదు. ముద్ర పడలేదు. పట్టీ మళ్లీ మళ్లీ మోగి, చివరకు నియమం ప్రకారం జిల్లాలోని వధశాలలన్నింటికీ ఒకే మాట పంపింది: అధికారి తినలేదు. ఎక్కడి బండ్లు అక్కడ నిలిచిపోయాయి. కోసేవాళ్లు, కడిగేవాళ్లు తడి చేతులతోనే వచ్చి గుమ్మంలో గుమిగూడారు. బడేసాబ్ ఈసారి నవ్వలేదు.

"ఆ పొద్దు తింటిరా సార్?" అందరికీ వినపడేలా అడిగింది సుంకులమ్మ.

శివశంకరప్ప మెడకున్న పట్టీని అరచేత్తో కప్పుకున్నాడు. ప్రభుత్వం లెక్కలో మద్దిలేటి చావుకు కారణం ఇంకా హాస్టల్ నీళ్లే.