శైలజ ఆంటీ బతుకమ్మ

"నలగొద్దు, నలగొద్దు" అని పూలకు చెబుతూనే వాటిని సంచిలోకి కుక్కేస్తోంది జ్యోతిర్మయి.

అవి గునుగు పూలు. ఆర్ట్స్ కాలేజీ స్టేషన్ దగ్గర, రైలు పట్టాలకు ఇవతల గోడ పక్కనున్న ఖాళీ జాగాలో ఏటా విరగబూస్తాయి. యూనివర్సిటీ స్టాఫ్ క్వార్టర్స్ పిల్లలకు ఆ జాగా చూపించింది జ్యోతి వాళ్లమ్మ శైలజే. తార్నాక చౌరస్తాలో పూలు కుప్పలుగా పోసి అమ్ముతున్నా ఆమె కొనేది కాదు.

"కొన్న పూలతోటి ఏం బతుకమ్మ? కాళ్లకు రెండు ముండ్లన్న గుచ్చుకోవాలె, అప్పుడే మజా" అనేది. పిల్లల గుంపును వెంటేసుకుని ఇక్కడికే తెచ్చేది.

ఈసారి జ్యోతి ఒక్కతే వచ్చింది. ఇంకెవరికీ ఒక్క పువ్వు కూడా మిగల్చకూడదని వచ్చింది.

ఎందుకంటే, స్కూళ్లు తెరిచిన కొత్తలో ఒక మామూలు బుధవారం వాళ్లమ్మ జడ వేసి, బాక్సు కట్టి, "సాయంత్రం మిర్చి బజ్జీ చేస్తా" అని జ్యోతిని బడికి పంపింది. సాయంత్రానికి అమ్మ లేదు. ఉన్నట్టుండి గుండె ఆగిపోయిందన్నారు. ఆరో తరగతి పిల్లకు అంతకన్నా ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

అప్పటినుంచి ఎవరైనా అమ్మ మాట ఎత్తితే చాలు, జ్యోతి లేచి లోపలికి వెళ్లిపోయేది. యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసే వాళ్ల నాన్న కమలాకర్ అది చూశాడు. బిడ్డ బాధపడుతుందని ఆయన కూడా అమ్మ మాట ఎత్తడం మానేశాడు. ఇంకేముంది! నెలలు గడుస్తున్నాయి, ఆ ఇంట్లో అమ్మ పేరే వినబడటం లేదు.

నిన్న మెట్ల మీద ఆంటీలు మాట్లాడుకుంటుంటే జ్యోతి విన్నది. "ఈసారి అందరం పచ్చ చీరలు కట్టుకుందాం" అంటున్నారు. పగలబడి నవ్వుతున్నారు. జ్యోతికి ఒళ్లు మండిపోయింది. ఇంట్లో మనిషి పోతే ఆ ఏడాది పండుగ చెయ్యరు, బతుకమ్మ పేర్చరు. అది పద్ధతి. తమ ఇంట్లో బతుకమ్మ లేదు. మరి వీళ్లకు నవ్వెలా వస్తోంది? అంటే అమ్మను అందరూ మరిచిపోయినట్టేగా!

"మా ఇంట్ల లేకపోతే ఎవరింట్ల ఉండొద్దు" అనుకుంది.

సంచి నిండాక మూతి బిగించి కట్టింది. అది ప్లాస్టిక్ సంచి. ఎవరికీ కనబడకుండా మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక దాచింది. చేతులు దులుపుకుని కిందికి దిగింది. కోపం తీరితే హాయిగా ఉంటుందనుకుంది కానీ అదేమీ రాలేదు. అన్నం కూడా సహించలేదు.

మర్నాడు పెత్రమాస. చనిపోయిన వాళ్లను తలుచుకుని, వాళ్ల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇచ్చే అమావాస్య అది. ఆ సాయంత్రమే మొదటి రోజు బతుకమ్మ. వారాసిగూడ నుంచి పెద్దమ్మ పొద్దున్నే వచ్చి వంటింట్లో పడింది. చెల్లెలికి ఇష్టమని గారెల పిండి రుబ్బుతోంది.

తలుపు చప్పుడైంది. జ్యోతి తీసింది. పైఅంతస్తులో ఉండే భార్గవి. మూడో తరగతి. వాళ్లు అనంతపురం నుంచి వచ్చి రెండేళ్లే అవుతోంది. పిల్ల చేతుల నిండా ముళ్ల గీతలున్నాయి. పిడికిట్లో నాలుగంటే నాలుగు వంకర గునుగు పూలు.

"అక్కా, ఇంకా గునుగు పూలు యాడుంటాయి? నిన్న మా నాయనతో ఆ గోడ కాడికి పోయినా. ఎవురో అన్నీ కోసుకోని పోయినారు. ఇవే దొరికినాయి."

జ్యోతి తల తిప్పేసుకుంది. "తార్నాకల కొనుక్కోపో."

"కొన్నవి వద్దు! శైలజ ఆంటీ కొనేది కాదు గదా?"

అమ్మ పేరు వినగానే జ్యోతి లోపలికి వెళ్లబోయింది. భార్గవి వదిలితేనా! గౌను జేబులో ఒక చెయ్యి పెట్టుకుని గడగడా చెప్పుకుపోతోంది.

"మీ ఇంట్లో ఈసారి పేర్చకూడదంట, మా అమ్మ చెప్పింది. అందుకే ఆంటీ బతుకమ్మను నేను పేరుస్తా. మా అమ్మకు రాదు, మా ఊర్లో బతుకమ్మ లేదు. పోయినసారి ఆంటీ నన్ను పక్కన కూర్చోబెట్టుకోని నేర్పింది. సగమే నేర్చుకున్నా. అంతలోకి నిద్రొచ్చేసింది నాకు."

జ్యోతి అక్కడే ఆగిపోయింది. "నీకు మా అమ్మ యాదికున్నదా?"

"ఏం, ఎందుకుండదు? నీకొక్కదానికేనా ఆంటీ అంటే ఇష్టం?" అంది భార్గవి మూతి ముడుచుకుని.

జ్యోతి రెండేసి మెట్లు ఎక్కుతూ మేడ మీదికి పరుగెత్తింది. వెనకే భార్గవి.

సంచి ముడి విప్పగానే వెచ్చటి ఆవిరి మొహానికి కొట్టింది. గాలాడక, ఎండకు ఉడికి, చాలా పూలు నల్లబడ్డాయి. కాడలు జిగురుగా చేతికి అంటుకుంటున్నాయి. జ్యోతి వాటిని చూస్తూ కూలబడింది. ఇన్నాళ్లుగా లోపల దాచుకున్నదంతా ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

"అమ్మా!" అని బావురుమంది.

భార్గవి బిత్తరపోయి చూసింది. "ఈ పూలు ఇక్కడికెట్లొచ్చినాయి అక్కా?"

"నేనే కోసిన. అన్ని నేనే కోసిన."

"ఎందుకు?"

"మీరందరు మా అమ్మను మర్చిపోయి నవ్వుకుంటున్నరని. నాకు మంచిగనిపించలే."

"నీకు బుద్ధి లేదక్కా!" అంది భార్గవి. నిజంగానే కోపం వచ్చింది ఆ పిల్లకు. కానీ అక్క ఏడుపు ఆగకపోవడంతో పక్కనే చతికిలబడింది. సంచి బోర్లించి పూలు ఏరడం మొదలుపెట్టింది. "ఇది కుళ్లింది. ఇది బాగుంది. ఇదీ బాగుంది. ఏడిస్తే ఏడువు గానీ నువ్వు గూడా ఏరు."

ఏడుపు విని పెద్దమ్మ పిండి చేతులతోనే పైకొచ్చింది. జ్యోతి అంతా చెప్పేసింది. పెద్దమ్మ తిట్టలేదు.

"ఓసి నా పిచ్చి బిడ్డా, గింత దుఃఖం కడుపుల పెట్టుకోని తిరుగుతున్నవా?" అని దగ్గరికి తీసుకుంది. జ్యోతి జుట్టంతా పిండి అంటుకుంది.

"పెద్దమ్మా, ఇప్పుడు నేను పేర్చొచ్చా?"

"వద్దు బిడ్డా. ఈ యాడాది మనం పేర్చొద్దు, ఎత్తొద్దు, ఆడొద్దు." పెద్దమ్మ భార్గవి వైపు చూసింది. "గని ఆ పిల్ల పేరుస్తుంటే ఎట్లనో చెప్పనీకి ఏమైతది? చెయ్యి పెట్టకు. నోటితోని చెప్పు. నోరు మస్తుగనే ఉన్నది కద నీకు!"

మధ్యాహ్నం భార్గవి వాళ్లింట్లో పని మొదలైంది. జ్యోతి చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంది. పళ్లెంలో గుమ్మడాకు పరిపించింది. కాడలు సమానంగా కత్తిరించమంది. పూల కొసలు రంగునీళ్లలో ముంచమంది. భార్గవి ఒక్కో పువ్వూ వంకరగా పెడుతుంటే జ్యోతి చేతులు ఒకటే దురద పెట్టాయి. పాపం, వేళ్లు వేళ్లలో బిగించుకుంది తప్ప ముట్టుకోలేదు.

"ఆగాగు! ముందు నడుమల నింపు. కాడల ముక్కలు, ఆకులు తుంచి వెయ్యి. లేకుంటే కూలుతది. మా అమ్మ ఏమనేదో తెలుసా? 'పై సోకు తర్వాత, ముందు దాని కడుపు నింపుండ్రి' అనేది."

"ఆంటీ ఇంకా ఏమనేది?"

జ్యోతి చెప్పింది. ఒకటి చెబితే ఇంకొకటి గుర్తొచ్చింది. బిడ్డను వెతుక్కుంటూ వచ్చిన కమలాకర్ గుమ్మంలోనే నిలబడి విన్నాడు. "తంగేడు పూలు అన్నిటికన్న మీద పెట్టేది మీ అమ్మ" అన్నాడు మెల్లగా.

"కాదు డాడీ! అన్నిటికన్న కింద!"

"మీద."

"కింద డాడీ! నీకేం తెల్వదు, నువ్వు టీవీ చూస్తుంటివి!"

ఆయన నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. జ్యోతి లేచి లోపలికి వెళ్లలేదు. నాన్న చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

మిగిలిన పూలకు బతుకమ్మ జానెడే లేచింది. అదీ ఒక పక్కకు ఒరిగింది.

సాయంత్రం క్వార్టర్స్ గ్రౌండులో పచ్చ చీరలన్నీ గుమికూడాయి. జ్యోతి, నాన్న, పెద్దమ్మ తమ బ్లాకు మెట్ల మీద కూర్చున్నారు. భార్గవి ఊపిరి బిగబట్టి నడిచి వచ్చి, పెద్ద పెద్ద బతుకమ్మల మధ్య తన చిన్నదాన్ని దించింది.

"అబ్బ, ఎంత ముద్దుగున్నది! ఎవరిదమ్మా ఇది?" అనడిగింది ఒకావిడ. క్వార్టర్స్‌లోకి వాళ్లు కొత్తగా దిగారు.

"శైలజ ఆంటీది" అంది భార్గవి గర్వంగా.

"శైలజనా? ఏది మరి, పిలువుండ్రి. పాట ఆమెనే ఎత్తుకోమందాం."

భార్గవి వాళ్లమ్మ తల దించుకుంది. ఒకరిద్దరు కొంగుతో కళ్లద్దుకున్నారు. వీళ్లెవరూ అమ్మను మరిచిపోలేదని జ్యోతికి అప్పుడు తెలిసింది.

ఆమె లేచింది. లోపలికి వెళ్లిపోతుందేమోనని నాన్న కూడా లేవబోయాడు. జ్యోతి మెట్లు దిగి, నేరుగా ఆ కొత్త ఆంటీ దగ్గరికి నడిచింది.

"శైలజ మా అమ్మ, ఆంటీ. చనిపోయింది."

ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో బిడ్డా!"

"ఏటా పాట మా అమ్మనే ఎత్తుకునేది. నేను ఈ యాడాది ఆడొద్దు. గని పాటలన్ని నాకొస్తయ్. ఈ పక్కకు నిలబడి చెప్తా, మీరు ఆడుండ్రి."

ఎవరో జ్యోతి తల నిమిరారు. అందరూ వలయం కట్టారు. జ్యోతి ఓ పక్కగా నిలబడి పాట అందుకుంది. మొదటి చరణం మెల్లగా పాడింది. ఆడవాళ్లంతా కలిసి బదులు పాడారు. రెండో చరణం ఎంత గట్టిగా ఎత్తుకుందంటే, మెట్ల మీది పెద్దమ్మ కమలాకర్ భుజం తట్టి, "వింటున్నవా? అచ్చం మా శైలజనే" అంది.