వెనక నడిచే పిల్ల

పొద్దున్నే లాడ్జి గదిలో జెస్సీ తల్లి సరోజిని పులిహోర డబ్బా మూత తీసి వాసన చూసింది. "నిన్నటిదైనా బానే ఉందిలే," అంది. జెస్సీ చెప్పుల పట్టీ బిగించుకుంది.

జెస్సీ పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. జూన్‌లో ఆమెను విజయవాడ హాస్టల్లో చేర్చాలని తండ్రి సుందరరాజు నిశ్చయించాడు. ఆ లోపు పిల్లకు సరదాగా ఉంటుందని అందరినీ కోడూరు నుంచి సాగర్ డ్యామ్ చూపించడానికి తీసుకొచ్చాడు. ఇంటి నుంచే అవనిగడ్డ కాలేజీకి బస్సులో వెళ్తానన్న మాట జెస్సీకి నోటిదాకా వచ్చి, ప్రతిసారీ లోపలికే పోయింది.

జలాశయం పక్కన కొండ అంచు వెంట దారి బండి పట్టేంత వెడల్పుంది. అయినా నలుగురూ ఒకరి వెనక ఒకరే నడిచారు. పొలం గట్ల మీద నడిచిన అలవాటు. ముందు కర్ర తాటిస్తూ నాన్న, తర్వాత అమ్మ, ఆ వెనక అన్న ప్రేమ్ సాగర్, చివర జెస్సీ. ఎంతో లోతున నీలంగా నీళ్లు. ఎంత బావున్నాయో చెబుదామంటే ఎదురుగా ఉన్నది అన్న వీపు.

"వస్తన్నారా?" వెనక్కి తిరక్కుండానే కేకేశాడు నాన్న.

"ఆఁ, అందరం వస్తన్నాం!" అన్నే చెప్పేశాడు.

జెస్సీ ఒక బండ చాటున కూర్చుండిపోయింది. ఎవరైనా తిరిగి చూస్తారనుకుంది. ముగ్గురూ మలుపు దాటారు. మళ్లీ కేక, మళ్లీ అన్న జవాబు. ఆ తర్వాత గాలి చప్పుడే. హాస్టలంటే ఇలాగే ఉంటుందేమో అనిపించింది.

చాలాసేపటికి "జెస్సీ!" అని అరుపు. సుందరరాజు పరుగెత్తుకొచ్చాడు. కొండలెరగని పల్లపు ఊరి మనిషి, అంచున మోకాళ్ల మీద వంగి, కింద నీళ్లలో వెతుకుతున్నాడు.

"నాన్నా, ఇక్కడున్నా."

"పలకవేమే? ప్రాణం పోయింది నాకు! నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?"

"అన్నయ్యే పలికేశాడుగా. నేను లేకపోయినా మీకు తెలీలేదు. ఇంట్లోనే ఇలా ఉంటే, హాస్టల్లో నన్నెవరు అడుగుతారు నాన్నా? నేను వెళ్లను. అవనిగడ్డలో చదువుకుంటా."

"వెనకే ఉందనుకున్నా..." నసిగాడు, అమ్మతో పాటు అక్కడికి చేరుకున్న ప్రేమ్ సాగర్.

"నువ్వే కాదురా, నేనూ అలాగే అనుకున్నా," అంటూ సరోజిని కొంగుతో కళ్లొత్తుకుంది.

సుందరరాజు కూతురి పక్కనే బండమీద కూలబడ్డాడు. "నిన్నొక్క మాటైనా అడగలేదు కదమ్మా," అన్నాడు. "ఊరెళ్లగానే ఇద్దరం అవనిగడ్డ వెళ్లొద్దాం."

కర్ర కొడుక్కిచ్చి, "నువ్వు ముందు నడువు," అన్నాడు. తను జెస్సీ పక్కన నడిచాడు. కాస్త దూరం వెళ్లాక, భుజానికి భుజం తగులుతూనే ఉన్నా, "వస్తన్నావా జెస్సీ?" అని అడిగాడు.

"వస్తన్నా నాన్నా," అంది జెస్సీ, ఏడుస్తూనే, కొండంతా వినిపించేలా.