ముక్కుబండ కింద

చెన్నరాయునిపల్లెలో గుడిముందరి రోడ్డును వెడల్పు చేస్తున్నప్పుడు పాతకాలపు రాతిమెట్టు ఒకటి అడ్డం వచ్చింది. జేసీబీ నడుపుతున్న వీరభద్రకు దాన్ని పగలగొట్టడానికి మనసొప్పలేదు. బకెట్ పళ్లు మెల్లగా ఆనించి రాతిని వెల్లకిలా తిప్పాడు. తిప్పినవాడు ఇంజను ఆపేసి కిందికి దూకాడు.

మెట్టు అడుగున చెక్కడం ఉంది. రెండు కొండలు, వాటి మధ్య మెలికలు తిరిగిన సన్నని గీత. గీత చివర మనిషి ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన బండ. బండ కింద ఒక చేప. చేప కింద తిరునామం.

ఆ ఊరి గుడిలో విగ్రహం లేదు. ఏ కాలంలోనో దండు వచ్చినప్పుడు పూజారులు చెన్నరాయస్వామినీ, ఆయన నగలనీ ఎత్తుకుని పడమటి కొండల్లోని కోనలోకి పరుగెత్తారనీ, దాచివచ్చిన కొద్దిరోజులకే, ఆ చోటు ఎవరికీ చెప్పకుండానే చనిపోయారనీ చెప్పుకుంటారు. అప్పటినుంచీ ఉత్త పీఠానికే పూజ. ఆ కోనలో వెతకని తరం లేదు. గుహలు గాలించారు, చరియలు తవ్వారు, రాళ్లు దొర్లించారు. గబ్బిలాల రెట్ట తప్ప ఎవరికీ ఏమీ దొరకలేదు.

ముక్కులాంటి బండ ఊరందరికీ తెలిసిందే. కోన కొసన, ఎండాకాలంలోనూ ఎండని మడుగు మీదికి వంగి ఉంటుంది. చేప ఏమిటన్నదే తేలలేదు. అది వాగు పారే దిక్కు చూపిస్తోందని వీరభద్ర, అది దేవుడి గుర్తని అతని తల్లి గంగులమ్మ. వీరభద్ర భార్య హేమలత మాత్రం రాతి పక్కన మోకాళ్లమీద కూర్చుని చాలాసేపు చూసింది. ఆమెది ఆకివీడు. చేపల చెరువులు తవ్వడానికి వెళ్లిన వీరభద్ర అక్కడే ఆమెను చూసి పెళ్లి చేసుకున్నాడు. కొండల నడుమకు కాపురానికి వచ్చి ఏడాది దాటినా అత్తగారి మాట సగం అర్థం కాక, తన మాట అత్తగారికి వింతగా తోచి, ఇద్దరూ ఒకరినొకరు మర్యాదగా తప్పుకుని తిరిగేవారు.

"చేప తల కిందికుందండీ," అంది హేమలత నెమ్మదిగా. "ఈదే చేపని ఇలా చెక్కరు. ఇది మునుగుతున్న చేప."

మాట అర్థమయ్యేసరికి వీరభద్ర పడమటి కొండలవైపు తిరిగి చూశాడు. ఇన్ని తరాలూ అందరూ బండపైన వెతికారు, బండ చుట్టూ వెతికారు. మడుగులోకి దిగినవాడు లేడు. ఈత వచ్చినవాళ్లు ఆ పక్క ఊళ్లలోనే తక్కువ. పైగా ఆ మడుగుకు అడుగులేదని తల్లులు పిల్లల్ని బెదిరిస్తూ వచ్చారు.

గంగులమ్మ కోడలి ముఖంలోకి చూసింది. "నీళ్ల సంగతి నీకు తెలుసు. కొండ సంగతి నాకు తెలుసు. వాడికి రెండూ తెలీవు. ముగ్గురం పోదాం," అంది.

మరుసటి ఆదివారం తెల్లవారుతూనే బయలుదేరారు. గంగులమ్మ భుజాన కొబ్బరిపీచు మోకు చుట్టుకుంది. వీరభద్ర సంచిలో రాగి సంకటి, శనక్కాయల ఊరిబిండి, నీళ్ల సీసాలు. పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలన్నది గంగులమ్మ పెట్టిన షరతు.

మొదట్లో కోన వెడల్పుగా, మెత్తటి ఇసుకతో ఆహ్వానించినట్టే ఉంది. ఎర్రచందనం చెట్ల నీడలో నడిచారు. పోనుపోను కొండలు దగ్గరకు జరిగాయి. తుప్పురంగు రాతిగోడలు నిట్టనిలువునా లేచి ఆకాశాన్ని నీలిరంగు పట్టీలా చేసేశాయి. ఏనుగులంత గుండ్లు దారికి అడ్డంగా పడి ఉన్నాయి. వాటి మధ్య సందుల్లోంచి పాకారు, జువ్విచెట్టు వేళ్లు పట్టుకుని ఎక్కారు, నాచుపట్టిన రాళ్లమీద కూర్చుని జారారు. ఒకచోట పైన చరియకు పెద్ద పెద్ద తేనెపట్లు వేలాడుతున్నాయి. గంగులమ్మ నోటిమీద వేలు వేసుకుంది. ఆ తావు దాటేదాకా ముగ్గురూ మూగవాళ్లలా, ఒక్క గులకరాయి కదలకుండా నడిచారు.

ఆ తర్వాత దారి పూర్తిగా మాయమైంది. కింద లోతైన గండి, పక్కన గోడ. గోడకు జానెడు వెడల్పున ఒక అంచు. హేమలత పుట్టిన చోట ఎత్తంటే కాలవగట్టే. కళ్లు తిరిగి, గోడకు అతుక్కుపోయి, ముందుకూ వెనక్కూ కదలలేక నిలబడిపోయింది. ముందు వెళ్తున్న గంగులమ్మ ఆగింది. నవ్వలేదు, కసరలేదు.

"గోడకు సెంప ఆనించు తల్లీ. గండిని సూడొద్దు. నా కాలి మడమ ఉండాదే, దాన్నే సూడు."

పగుళ్లిచ్చిన ఆ మడమలను చూస్తూ హేమలత అంచు దాటింది. అవతలి గట్టుమీద కాలుపెట్టేసరికి చీర చెమటతో తడిసిపోయింది. ఆ క్షణంలో ఆమెకు అత్తగారి చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకుంది కూడా.

మధ్యాహ్నం కాకముందే ముక్కుబండ కనబడింది. దాని కింద మడుగు నల్లగా, కదలక, గాజుపలకలా పరుచుకుని ఉంది. హేమలత చీర విప్పి, లోపల వేసుకొచ్చిన పంజాబీ డ్రస్సు చున్నీ నడుముకు బిగించింది. నీళ్లలోకి దిగగానే ఆమె మనిషే మారిపోయింది. భయమన్నది ఎక్కడా లేదు. గుండెలనిండా గాలి పీల్చి తలకిందులుగా మునిగింది.

బండ అడుగున చేతులకు రాతి అంచు తగిలింది. అంచు కింద చల్లటి నీళ్లు లోపలికి లాగుతున్న సందు. ఒక మనిషి పడుకుని దూరేంత. ఒక్క తోపుతో దూరింది. వీపు రాతికి రాసుకుంది. ఇక ఊపిరి ఆగదనుకునే లోపల తల నీళ్లపైకి వచ్చింది.

పెద్ద గుహ. కప్పులో ఎక్కడో పగులు ఉన్నట్టుంది, అందులోంచి ఎండ సన్నని ధారగా కారుతోంది. ఆ వెలుతురులో, రాతి అరుగుమీద, పచ్చబడిన కంచుదీపాల మధ్య చెన్నరాయస్వామి నిలబడి ఉన్నాడు. హేమలత నీళ్లలోనే ఉండి చేతులు జోడించింది. ఎంతసేపు అలా చూస్తూ ఉండిపోయిందో ఆమెకే తెలియదు. స్వామి పాదాల దగ్గర పక్కలకు కడియాలు బిగించిన ఒక రాగిపెట్టె ఉంది. అది ఆమె తర్వాత చూసింది.

బయటికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. గంగులమ్మ బండమీద కూర్చుండిపోయింది. వీరభద్ర మాత్రం చొక్కా విప్పేశాడు. తానూ చూడాలన్నాడు. ఈత సరిగా రాదు కదా అని తల్లి అడ్డుపడింది, భార్య వద్దంది. వినలేదు. చివరికి హేమలత చెయ్యి వదలనని అతను మాటిచ్చాక ఇద్దరూ ఒప్పుకున్నారు. గంగులమ్మ పడమటి శిఖరం వంక చూసి, అక్కడ మబ్బు దిగుతోందనీ, నీళ్ల రంగు మారితే తాను బండమీద రాయితో కొడతాననీ, ఆ చప్పుడు వినగానే ఏది చేతిలో ఉంటే అది వదిలేసి రమ్మనీ చెప్పింది.

హేమలత భర్త మణికట్టు పట్టుకుని మునిగింది, అతన్ని సందులోంచి లాగింది. గుహలో తేలాక వీరభద్ర దగ్గి, ఉమ్మి, అరుగుమీదికి పాకాడు. అతని చూపు నేరుగా పెట్టెమీద వాలింది. తుప్పు తిన్న గొళ్లెం ఒక్క దెబ్బకు ఊడింది. లోపల కిరీటం, హారాలు, కెంపుల పతకాలు ఎండధారలో ఒక్కసారి భగ్గుమన్నాయి. అతనిది దొంగబుద్ధి కాదు. ఈ పెట్టె గుడిలో పెట్టి, ఊరంతా చూస్తుండగా మూత తీయాలన్నదే అతని ఆశ. కానీ ఆశ ఆశే. నడుముకున్న తువ్వాలు విప్పి జోలెలా మెడలో వేసుకుని పెట్టెను అందులో కట్టుకున్నాడు.

అప్పుడే రాతిలోంచి చప్పుడు వచ్చింది. టక్, టక్, టక్. ఆగకుండా.

కాళ్ల కింది నీళ్లు ఎర్రబడుతున్నాయి. అరుగు అంచు అప్పుడే మునిగింది. పెట్టె వదిలెయ్యమని హేమలత అంది. మోయగలనన్నాడు. వాదించే సమయం లేదు. ఇద్దరూ మునిగారు.

ఈసారి నీళ్లు ఎదురు తన్నుతున్నాయి. కళ్లు తెరిస్తే ఎర్రటి బురద. హేమలత సందు దాటి వెనక్కి చెయ్యి చాచింది. మణికట్టు అందింది, మనిషి రాలేదు. పెట్టె సందులో అడ్డంగా ఇరుక్కుంది. ఆమె మళ్లీ లోపలికి దూరి, తడుముతూ తువ్వాలు ముడి పట్టుకుంది. తడిసి రాయిలా బిగిసిపోయింది. తల మీదుగా తువ్వాలు తీసెయ్యమని అతని మెడమీద తట్టింది. అతడు రెండు చేతులా పెట్టెనే లాగుతున్నాడు. నువ్వు పో అన్నట్టు ఆమెను ఒక్క తోపు తోశాడు. ఆమె పోలేదు. ఛాతీ మండుతోంది, చెవుల్లో హోరు, కళ్లముందు మిణుగురులు. అయినా అతని చొక్కాలేని భుజాన్ని గోళ్లు దిగేలా పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆ పట్టు సడలదని అతనికి తెలిసిపోయింది. పెట్టె వదలకపోతే ఇక్కడ ఇద్దరు మిగులుతారు.

వీరభద్ర తల వంచి తువ్వాలులోంచి బయటపడ్డాడు.

మడుగు పైకి తేలేసరికి కోనంతా గర్జిస్తోంది. గంగులమ్మ పైచరియమీద నిలబడి, మోకు కొస చెట్టుకు చుట్టి, రెండో కొస విసిరింది. "నడుముకు వేసుకోండి," అని కేక పెట్టింది. హేమలత మోకును భర్త నడుముకు చుట్టి, తానూ పట్టుకుంది. ముసలామె పాదాలు రాతికి తన్ని పెట్టి, పళ్లు బిగించి, గుక్కతిప్పుకోకుండా లాగింది. వాళ్ల కాళ్లు చరియ అంచును తాకిన కాసేపటికే వాగు మలుపులోంచి వరద గోడలా వచ్చిపడింది. మాన్లు, మొద్దులు, గుండ్లు దొర్లుకుంటూ వచ్చి ముక్కుబండకు కొట్టుకున్నాయి. బండ మధ్యకు విరిగి, కొండంత చప్పుడుతో మడుగులో కూలింది. దానిమీద రాళ్లు, రాళ్లమీద మట్టి. మడుగు ఉండిన చోటు గుట్టయింది.

ముగ్గురూ చరియమీద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. వీరభద్ర తన ఉత్తచేతుల వంక చూసుకున్నాడు.

"అమ్మా, పెట్టె చేతిదాకా వచ్చి పోయినాది," అన్నాడు.

గంగులమ్మ కొంగుతో అతని తల తుడిచింది. "నువ్వు వచ్చినావు గదరా," అంది.

వరద తగ్గేదాకా కదలడానికి వీల్లేదు. తడిసిపోయిన సంకటి ముద్దల్లో బాగున్నది తలా కాస్త తిన్నారు. అప్పుడు గంగులమ్మ, ఎంతోసేపటినుంచి మనసులో ఉన్నదాన్ని బయటపెట్టడానికి జంకుతున్నట్టు, కొడుకుని అడిగింది, సామి ఎట్టుండాడని. వీరభద్ర తల దించుకున్నాడు. తాను పెట్టెనే చూశాననీ, స్వామివైపు తల తిప్పనైనా లేదనీ చెప్పాడు. ఆమె కోడలివైపు తిరిగింది.

హేమలత చెప్పింది. స్వామి అనుకున్నంత పెద్దగా లేడు. నడిచే వయసొచ్చిన పిల్లాడంత. తల కాస్త ఎడమకు వాలి ఉంది. ఎవరో పిలిస్తే విన్నట్టు. ముక్కుకొస అరిగింది. ఒక చెవికే కుండలం ఉంది. అరచేతిలో చిన్న ఎండ్రకాయ కూర్చుని ఉంది. పెదవుల దగ్గర నవ్వు మొదలవుతున్నట్టు ఉంటుంది, నీడ పడితే లేనట్టు ఉంటుంది.

గంగులమ్మ కళ్లు మూసుకుని వింటోంది. ఆమె బుగ్గలమీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

ఊళ్లో ఏమీ దాచలేదు. ఆఫీసర్లు వచ్చారు, కోన కొసదాకా నడిచి, ఆ రాళ్లగుట్టను చూసి, అడవిలోకి యంత్రాలు తేవడానికి అనుమతి ఇవ్వలేమని చెప్పి వెళ్లారు. కుర్రాళ్లు కొందరు గునపాలతో బయలుదేరబోతే వీరభద్రే అడ్డు నిలబడ్డాడు. స్వామి ఉన్నచోటు తెలిసింది, అది చాలునన్నాడు.

ఆడవాళ్లు మాత్రం పనులు తీరాక ఒకరిద్దరుగా గంగులమ్మ ఇంటికి రావడం మొదలుపెట్టారు. హేమలత చుట్టూ కూర్చునేవారు. గంగులమ్మ బియ్యంలో రాళ్లేరుతూ, తాను ఎన్నోసార్లు విన్నదే అయినా, చేట పక్కన పెట్టి చెవి ఒగ్గేది.

"ఆ నవ్వు ఇంగోసారి సెప్పు పాపా," అనేది.

"ఈ పక్కకి వాలి ఉండాడు అత్తా," అని తల ఎడమకు వాల్చి, మొదటినుంచీ ఎత్తుకునేది హేమలత.